ఒక సంఖ్య తెలియనప్పుడు మధ్యగతం ఎంతెంత కావచ్చు?

అమ్మా, మీరు అడిగిన లెక్క ఇది. 14, 6, 21, 9, 17, ఎక్స్ అని ఆరు సంఖ్యలు ఇచ్చి, ఎక్స్ ఒక పూర్ణసంఖ్య అయితే వాటి మధ్యగతం, అంటే చిన్న నుంచి పెద్దకు వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే విలువ, ఎంతెంత కావచ్చో రాయమన్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ పాప "ఎక్స్ ఎంతో చెప్పకుండా మధ్యగతం ఎలా చెప్తాం" అని పుస్తకం మూసేసిందని, మీకూ ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదని రాశారు. జవాబు ముందే చెప్పేస్తాను: 11.5 నుంచి 15.5 దాకా అర చొప్పున పెరుగుతూ పోయే తొమ్మిది విలువలు. అయితే జవాబు కంటే, అది ఎలా వచ్చిందో పాప తన చేత్తో చూసుకోవడం ముఖ్యం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను హైస్కూల్లో ఇరవై నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఈ రకం లెక్క దగ్గర పిల్లలు ఆగిపోతే అది తెలివితక్కువ వల్ల కాదు. ఒకటో తరగతి నుంచీ ప్రతి లెక్కకూ ఒకే జవాబు రాయించి, దాని కింద రెండు గీతలు గీయించాం. ఇప్పుడు హఠాత్తుగా "సాధ్యమయ్యేవన్నీ రాయండి" అంటే వాళ్లకు టెన్షన్ రావడం సహజం. పాప అడిగిన ప్రశ్న చాలా మంచిది. దాన్ని కొంచెం మారిస్తే చాలు. ఎక్స్ ఎంత అని కాకుండా, ఎక్స్ వరుసలో ఎక్కడ కూర్చుంటుంది అని అడగాలి. మధ్యగతానికి కావలసింది ఆ చోటే.

ఇంట్లో పాత పెళ్లి శుభలేఖ ఒకటి ఉంటే ఆరు ముక్కలుగా కత్తిరించండి. అయిదింటి మీద 6, 9, 14, 17, 21 అని స్కెచ్ పెన్నుతో రాయించండి. ఆరోదాని మీద వేరే రంగుతో ఎక్స్ అని రాయించండి. అంకెలున్న అయిదింటినీ నేల మీద చిన్న నుంచి పెద్దకు వరుసగా పెట్టమనండి. ఆరోహణ క్రమంలో పెట్టకుండా మధ్యగతం జోలికి పోకూడదు. ప్రశ్నలో సంఖ్యలను కలగాపులగంగా ఇచ్చింది కూడా పిల్లలు ఆ పని చేస్తారో లేదో చూడటానికే. ఎక్స్‌ను ప్రశ్నలో చివర రాశారు కాబట్టి వరుసలోనూ అది చివరే ఉంటుందనుకునే పిల్లలు నాకు ప్రతి ఏడూ ముగ్గురు నలుగురైనా కనిపిస్తారు.

ఇప్పుడు ఎక్స్ ముక్కను 6 కంటే ముందు, బాగా ఎడమ పక్కన పెట్టించండి. మొత్తం ఆరు ముక్కలు. ఆరు సరిసంఖ్య కాబట్టి మధ్యలో రెండు ముక్కలుంటాయి, మూడోదీ నాలుగోదీ. వాటి సగటే మధ్యగతం. పాపను రెండు చూపుడు వేళ్లూ వరుస రెండు కొసల మీదా పెట్టి, ఒక్కో ముక్క చొప్పున లోపలికి జరుపుకుంటూ రమ్మనండి. వేళ్లు 9 మీద, 14 మీద ఆగుతాయి. సగటు 11.5. తర్వాత ఎక్స్‌ను 6 దాటించి, 6కూ 9కూ మధ్య పెట్టి మళ్లీ వేళ్లు జరపమనండి. మళ్లీ 9, 14 మీదే ఆగుతాయి. ఎక్స్ 8 అయినా, సున్నా అయినా, మైనస్ వెయ్యి అయినా మధ్యగతం 11.5 నుంచి కదలదు.

ఎక్స్‌ను 9 దాటించండి. వరుస 6, 9, ఎక్స్, 14, 17, 21 అవుతుంది. వేళ్లు ఎక్స్ మీద, 14 మీద ఆగుతాయి. 14 కూడా దాటిస్తే 6, 9, 14, ఎక్స్, 17, 21. ఇప్పుడు 14 మీద, ఎక్స్ మీద. రెండు చోట్లా మధ్యగతం 14కూ ఎక్స్‌కూ సగటే, అంటే (14 + ఎక్స్)/2. ఇక ఎక్స్‌ను 17 దాటిస్తే మధ్యలో 14, 17 మిగులుతాయి. సగటు 15.5. అక్కడి నుంచి ఎక్స్ లక్ష అయినా 15.5 మారదు.

ఒకసారి తరగతిలో ఈ ముక్కలు జరుపుతుంటే ముందు బెంచీలో పిల్ల ఒకతి "సార్, 14 ఎటూ పోవట్లేదు, దాని జోడీయే మారుతోంది" అంది. ఆ లెక్క అంతా ఆ మాటలోనే ఉంది. జోడీగా వచ్చేది 9 కావచ్చు, 17 కావచ్చు, ఆ రెండింటి మధ్య ఉంటే ఎక్స్ కావచ్చు. 6కూ 21కీ ఆ చోటు ఎప్పుడూ దక్కదు.

ఇక లెక్కించడమే. ఎక్స్ 9 నుంచి 17 దాకా ఒక్కో పూర్ణసంఖ్య అయినప్పుడు మధ్యగతం 11.5, 12, 12.5, 13, 13.5, 14, 14.5, 15, 15.5. ఎక్స్ 9 కంటే తక్కువైతే మొదటి విలువే, 17 కంటే ఎక్కువైతే చివరి విలువే మళ్లీ వస్తుంది. కొత్తది ఏదీ రాదు. ప్రశ్నలో "పూర్ణసంఖ్య" అన్న మాట లేకపోతే 11.5 నుంచి 15.5 వరకు ఉన్న ఏ వాస్తవ సంఖ్య అయినా మధ్యగతం కావచ్చు. అప్పుడు విలువలు ఇన్ని అని లెక్కపెట్టలేం, హద్దులు మాత్రమే రాస్తాం. అందుకే ఎక్స్ గురించి ప్రశ్నలో ఏం చెప్పారో దాని కింద పెన్సిలుతో గీత గీయించండి.

ఇదే లెక్కను తిప్పి అడిగితే ఎక్కువమంది తప్పు చేస్తారు. "మధ్యగతం 16 అయితే ఎక్స్ ఎంత?" అని అడిగి చూడండి. పాప (14 + ఎక్స్)/2 = 16 అని రాసి, ఎక్స్ 18 అని తేలుస్తుంది. సమీకరణం సరిగ్గానే సాధించింది, కూడికలో తప్పు లేదు, అయినా జవాబు తప్పు. 18ని వరుసలో పెట్టి చూడమనండి: 6, 9, 14, 17, 18, 21. మధ్యలో ఉన్నవి 14, 17. మధ్యగతం 15.5 వచ్చింది, 16 రాలేదు. ఎందుకంటే ఆ సూత్రం ఎక్స్ 9కీ 17కీ మధ్య ఉన్నంత వరకే చెల్లుతుంది. 18 దగ్గర అది పనికిరాదు. కాబట్టి ఈ సంఖ్యలతో మధ్యగతం 16 కావడం అసాధ్యం. "అసాధ్యం" అని రాయడానికి పిల్లలు జంకుతారు. ఆ మాట కూడా పూర్తి మార్కులు వచ్చే జవాబేనని వాళ్లకు మనమే చెప్పాలి. మధ్యగతం 13 అన్నారనుకోండి, ఎక్స్ 12 వస్తుంది, 12 హద్దుల్లోనే ఉంది, సరిపోయింది. మధ్యగతం 11.5 అంటే ఎక్స్ 9 కానీ అంతకంటే తక్కువ కానీ ఏదైనా కావచ్చు. ఏ సందర్భంలోనైనా వచ్చిన ఎక్స్‌ను తిరిగి వరుసలో పెట్టి చూడకుండా పెన్ను మూత పెట్టకూడదని నేను పిల్లల చేత మాట తీసుకుంటాను.

తెలిసిన సంఖ్యలు సరిసంఖ్యలో ఉంటే పని ఇంకా తేలిక. 5, 8, 13, 20 అని నాలుగు తెలుసు, అయిదోది ఎక్స్. అయిదింటిలో మూడోదే మధ్యగతం. ఎక్స్ 8 లోపు ఉంటే మధ్యగతం 8, 13 దాటితే 13, ఆ రెండింటి మధ్య ఉంటే ఎక్స్ తానే మధ్యగతం. దీన్ని ఇంకో రకంగా కూడా గుర్తుపెట్టుకోవచ్చు. తెలిసిన నాలుగింటిలో మధ్య రెండు 8, 13. వాటి పక్కన ఎక్స్‌ను నిలబెట్టి, ఆ ముగ్గురిలో మధ్యవాడు ఎవరో చూస్తే చాలు. మొదటి లెక్కలో 14కు జోడీ ఎవరన్నదీ ఇలాగే తేలుతుంది: 9, ఎక్స్, 17 ముగ్గురిలో మధ్యవాడు. పెద్ద తరగతుల పిల్లలకు ఈ ఒక్క వాక్యం చెబితే మూడు సందర్భాలుగా విడగొట్టి రాయాల్సిన పని కూడా ఉండదు. మీ పాపకు మాత్రం ముందు ముక్కలతోనే చేయించండి.

ప్రశ్నలో "అన్నీ వేర్వేరు సంఖ్యలు" అని ఉంటే జాగ్రత్త. మొదటి లెక్కలో అప్పుడు ఎక్స్ 14 కాకూడదు, కాబట్టి మధ్యగతం కూడా 14 కాదు. తొమ్మిది కాస్తా ఎనిమిది అవుతాయి. ఎక్స్ 9, 17 కూడా కాకూడదు, కానీ 11.5, 15.5 విలువలు పోవు. ఎక్స్ 8 అయితే 11.5 వస్తుంది, 18 అయితే 15.5 వస్తుంది. అయిదు సంఖ్యల లెక్కలో వేర్వేరు అన్న షరతు పెట్టినా ఒక్క విలువ కూడా తగ్గదు, 8 నుంచి 13 దాకా ఆరు విలువలూ ఉంటాయి. ఎందుకు తగ్గవో పాప చేత చెప్పించండి. చెప్పగలిగిందంటే పాఠం వచ్చేసినట్టే.

కొంచెం పై మెట్టు లెక్క ఒకటి. 5, 8, 13, 20, ఎక్స్. వీటి సగటూ మధ్యగతమూ సమానం. ఎక్స్ ఎంత? తెలిసిన నాలుగింటి మొత్తం 46. సగటు (46 + ఎక్స్)/5. మధ్యగతం మాత్రం ఎక్స్ ఎక్కడుందన్న దాన్నిబట్టి మారుతుంది. ఎక్స్ 8 లోపు ఉంటే సగటు 8 కావాలి, మొత్తం 40 కావాలి, ఎక్స్ మైనస్ 6. అది 8 లోపే ఉంది కాబట్టి ఒప్పుకుంటాం. మధ్యలో ఉంటే (46 + ఎక్స్)/5 = ఎక్స్, అంటే ఎక్స్ 11.5. అదీ 8కీ 13కీ మధ్యే ఉంది. 13 దాటితే మొత్తం 65 కావాలి, ఎక్స్ 19. అదీ సరే. మూడు జవాబులు! కొన్నేళ్ల క్రితం ఒక గైడులో ఇలాంటి లెక్కకే మధ్య జవాబు ఒక్కటే ఇచ్చి వదిలేశారు. మా పిల్లవాడు ఒకడు మూడూ రాసి, గైడుతో పోల్చుకుని, తనదే తప్పనుకుని రెండు కొట్టేసుకున్నాడు. నోటు దిద్దుతుంటే ఆ కొట్టివేతల కింద సరైన లెక్క కనిపించింది. ఆ రోజు నుంచి నేను గైడు జవాబుల్ని కూడా వరుసలో పెట్టి చూడమని చెబుతున్నాను. ఎక్స్ సహజ సంఖ్య అని షరతు ఉంటే ఈ మూడింటిలో 19 ఒక్కటే నిలుస్తుంది. పూర్ణసంఖ్య అంటే మైనస్ 6, 19 రెండూ నిలుస్తాయి.

పదో తరగతికి వెళ్లాక పాపకు ఈ లెక్క తప్పకుండా ఎదురవుతుంది: ఎక్స్/5, ఎక్స్, ఎక్స్/4, ఎక్స్/2, ఎక్స్/3 అనే రాశుల మధ్యగతం 8 అయితే ఎక్స్ ఎంత? ఎక్స్ ధనసంఖ్య అని కూడా ఇస్తారు. వరుసలో పెడితే ఎక్స్/5, ఎక్స్/4, ఎక్స్/3, ఎక్స్/2, ఎక్స్. మధ్యలో ఎక్స్/3, అది 8 కాబట్టి ఎక్స్ 24. ఇక్కడ ఎక్స్ ఎంతో తెలియకపోయినా వరుస మాత్రం తెలుసు, అందుకే ఒకే జవాబు వచ్చింది. ఎక్స్ రుణసంఖ్య అయితే వరుస మొత్తం తిరగబడుతుంది, కానీ అయిదింటిలో మూడోది తిరగేసినా మూడోదే. మధ్యలో ఎక్స్/3 అలాగే ఉంటుంది. నాకు ఈ లెక్క అంటే ఇష్టం. వరుస తిరగబడినా మధ్య కదలదన్న సంగతి ఇంత చిన్న లెక్కలో కనిపిస్తుంది.

రెండు సంఖ్యలు తెలియకపోతే? 6, 9, 14, 17, 21కి ఎక్స్, వై చేరాయనుకోండి. ఏడింటిలో నాలుగోది మధ్యగతం. రెండూ బాగా చిన్నవైతే 9 వస్తుంది, రెండూ బాగా పెద్దవైతే 17. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అయితే 14 ఎక్కడిదక్కడే. ఎక్స్, వై రెండింటినీ 9కీ 17కీ మధ్య ఉన్న ఒకే సంఖ్య చేస్తే అదే మధ్యగతం అవుతుంది, కాబట్టి 9 నుంచి 17 దాకా అన్నీ సాధ్యమే. ఎక్స్, వైల మొత్తం 20 అని అదనంగా చెబితే హద్దులు దగ్గరపడతాయి. రెండింటిలో చిన్నది 10 దాటలేదు, పెద్దది 10కి తగ్గలేదు. అప్పుడు పెద్దది 14 లోపు ఉంటే అదే మధ్యగతం, 14 దాటితే మధ్యగతం 14. అంటే 10 నుంచి 14 దాకానే. 4, 16తో ఒకసారి, 8, 12తో ఒకసారి ముక్కలు పెట్టి చూస్తే 14, 12 వస్తాయి.

మీరు చివర్లో ఇంకో మాట అడిగారు, "ఇదంతా పరీక్షల కోసమేనా, ఎక్కడైనా పనికొస్తుందా" అని. పనికొస్తుందమ్మా. స్కూలు గ్రౌండులో ఏడుగురు పిల్లలు పరుగు పందెంలో ఉన్నారు. నాలుగోవాడు గీత తాకగానే స్టాప్‌వాచ్ ఆగిపోయింది. మిగిలిన ముగ్గురి సమయాలు తెలియవు. సగటు చెప్పలేం, మధ్యగతం మాత్రం చెప్పగలం: నాలుగోవాడి సమయమే. వెనక ఉన్న ముగ్గురూ ఎప్పుడు వచ్చినా, ఒకడు అసలు పరుగు మానేసినా అది మారదు. బల్బుల ఆయుష్షు లెక్కగట్టే పద్ధతిలోనూ ఇదే ఉంది. కొన్ని బల్బులను ఒకేసారి వెలిగించి, వాటిలో సగం కాలిపోయేదాకా ఆగితే చాలు, చివరి బల్బు కాలిపోయేదాకా కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. కేన్సర్ మందుల పరీక్షల్లో రోగులు ఎంతకాలం బతికారన్నది తరచుగా మధ్యగతంలోనే చెబుతారు. సగం మంది విషయం తేలితే ఆ సంఖ్య తేలుతుంది. మిగతావాళ్లు బతికి ఉండటం వల్ల లెక్క ఆగిపోదు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇంగ్లండుది. 1907లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్లిమత్‌లో జరిగిన పశువుల ప్రదర్శనలో ఒక బలిసిన ఎద్దును నిలబెట్టి, దాన్ని కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో ఊహించి చీటీ మీద రాయమన్నారు. చీటీ వెల ఆరు పెన్నీలు, దగ్గరగా ఊహించినవాళ్లకు బహుమతులు. ఆ చీటీలు గాల్టన్ చేతికి వచ్చాయి. వాటిలో 13 సరిగా లేకనో, చదవడానికి వీలుకాకనో పక్కన పెట్టేశాడు. మిగిలిన 787 చీటీలను వరుసలో పెడితే మధ్యగతం 1,207 పౌండ్లు వచ్చింది. అసలు బరువు 1,198 పౌండ్లు. తేడా తొమ్మిది పౌండ్లే.

ఆ 13 చీటీలూ మనకు 13 ఎక్స్‌లు. వాటిలో ఏముందో తెలియదు కాబట్టి గాల్టన్ మధ్యగతం చెడిపోయి ఉంటుందా? శుభలేఖ ముక్కలతో చేసిన పనే ఇక్కడా చేద్దాం. 787లో మధ్యది 394వ చీటీ. 13 కలిపితే 800, మధ్యలో 400వది, 401వది. ఆ 13 అన్నీ అతి తక్కువ బరువులే అయినా, మధ్యకు వచ్చేవి పాత వరుసలోని 387, 388 చీటీలు. అన్నీ అతి ఎక్కువ బరువులైతే 400, 401 చీటీలు. అంటే ఎంత చెడ్డగా ఊహించుకున్నా మధ్యగతం అటో ఇటో ఆరున్నర చోట్లు జరుగుతుంది, అంతే. గాల్టన్ ఇచ్చిన లెక్క ప్రకారం మధ్య సగం చీటీలు, అంటే దాదాపు 390, 1,162కూ 1,236కూ మధ్యే కిక్కిరిసి ఉన్నాయి. అంత ఒత్తుగా ఉన్నచోట ఆరున్నర చీటీలు జరిగితే సుమారుగా ఒకటి రెండు పౌండ్ల తేడా వస్తుంది. సగటు సంగతి అలా కాదు. ఆ 787 చీటీల సగటు 1,197 పౌండ్లని గాల్టన్ తర్వాత చెప్పాడు, అసలు బరువుకు అది ఇంకా దగ్గర. కానీ చదవలేని చీటీల్లో ఒక్కదాని మీద లక్ష పౌండ్లు అని ఉండి దాన్ని కలిపి ఉంటే సగటు ఒక్కసారిగా 125 పౌండ్లు పైకి పోయేది. మధ్యగతం అర చోటు జరిగేది.

ఈ ఆదివారం పాపకు ఒక్క లెక్క ఇచ్చి చూడండి. 30, 3, 18, 12, ఎక్స్ అనే అయిదు సంఖ్యల సగటూ మధ్యగతమూ సమానం. ఎక్స్ ఎంత? పక్కన కూర్చోండి కానీ ఏమీ చెప్పకండి, ముక్కలు మాత్రం చేతికి అందేలా ఉంచండి. మైనస్ 3, 15.75, 27 అని మూడూ వస్తే ఇక నా అవసరం లేదు. 15.75 ఒక్కటే రాసి ఆపేసిందంటే ఎక్స్‌ను 12కూ 18కీ మధ్య మాత్రమే పెట్టి చూసిందని అర్థం. ఎక్స్ ముక్కను తీసి మాట్లాడకుండా వరుస ఎడమ కొసన పెట్టండి, మిగతాది తనే చూసుకుంటుంది. 27 రాసి మైనస్ 3 వదిలేస్తే రుణసంఖ్యలంటే ఇంకా భయం ఉందేమో కనుక్కోండి, దాని గురించి విడిగా రాస్తాను.